సెట్టుకి ఇంకో అర్థం

సత్యం,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

బడికి సరిగ్గా వెళ్లకపోయినా డిక్షనరీని మాత్రం వదల్లేదు మనం. ‘సెట్’ అన్న ఒక్క మాటకే అందులో పేజీలు నిండిపోతాయి. పంపుసెట్టు, పళ్లసెట్టు, పెళ్లి సెట్టవడం ముందే తెలుసనుకో. మిగతావి మీ మోటారు షెడ్డు తలుపు మీద రోజుకొకటి వంతులవారీగా సుద్దతో రాసుకున్నాం. ఒకడు రాసింది రెండోవాడే చెరిపి, తన అర్థం రాయాలి.

నువ్వు చివర రాసిన ‘సిమెంటు గట్టిపడటం’ నేను చెరపలేదు. చెరిపితే నువ్వు లేవని ఒప్పుకున్నట్టే.

నిన్న మీ కోడలు, “మావయ్యగారూ, తలుపుకి రంగేయిస్తున్నామండి,” అంది.

“వాడి రాత నేనే చెరపాలమ్మా.”

“ఏడాదైనా ఇంకా పంతమేంటండీ?” అని నవ్వి తడిగుడ్డ చేతికిచ్చింది.

చెరిపి, ‘పొద్దు గూకడం’ అని రాసి వచ్చాను.

ఈ పొద్దున వెళితే, రంగింకా వేయకపోయినా నా రాత పోయి తలుపు శుభ్రంగా ఉంది. ఎవరూ అటు వెళ్లలేదంది కోడలు. చెయ్యి పెడితే తడి తగిలింది.

ఒకడు రాస్తుంటే రెండోవాడు చూడటం మనకి అలవాటు లేదు కదా. అందుకే తలుపు వైపు వీపు పెట్టి, షెడ్డు ముందున్న కాలవ గట్టు మీద కూర్చున్నాను. వెనక సుద్ద గీస్తున్న చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. చాలా పొడుగు అర్థమే దొరికినట్టుంది నీకు.