ఎస్టిమేటులో లేని కూలీ

మామయ్యగారికి,

నమస్కారం. ఈ ఉత్తరంలో ముందుకు వెళ్ళేకొద్దీ మర్యాద ఎంత మిగులుతుందో చెప్పలేను. అందుకే ఉన్నదంతా ఈ నమస్కారంలోనే పెట్టేస్తున్నాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. చెప్పనిస్తేగా! మీకు సరిగా వినపడదు. మీరు అక్కణ్ణించి "ఏమిట్రా?" అని అరుస్తారు, మీ అబ్బాయి ఇక్కణ్ణించి "ఏం లేదు నాన్నా!" అని అరుస్తారు. మధ్యలో నేను దూరి "మామయ్యగారూ, ఒక్క మాట" అంటే, "కోడలు నమస్కారం చెప్తోంది నాన్నా!" అని మీకు అందిస్తారు. నేను చెప్పబోయింది నమస్కారం కాదు. ఇంటి విషయాలు వివరంగా మాట్లాడాల్సి వస్తే ఆయన ఆఫీసు నుంచే మీకు ఫోన్ చేసుకుంటారు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూనే మొదలుపెడతారు: "నాన్న అలా అన్నారు, నాన్న ఇలా చెయ్యమన్నారు." ఈ ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం, కానీ ముగ్గురం కాపురం చేస్తున్నట్టుంది.

మీరు ఎన్నో ఏళ్ళుగా ఇళ్ళు కట్టిస్తున్న కంట్రాక్టరు. ఇక్కడ మేం కట్టబోయే ఇంటికి మీరు వేసి పంపిన ఎస్టిమేటు తప్పని అనడానికి నేనెవర్ని? మీ దగ్గరైతే అది అక్షరాలా సరిపోతుంది. అక్కడ సామాను ఖరీదు, మనిషి చౌక. ఇటుక విరిగితే కేకలేస్తాం, ఇటుకలు మోసేవాడి నడుం విరిగితే ఇంకొకణ్ణి పిలుస్తాం. ఈ పరాయి దేశంలో అంతా తలకిందులు. సామాను ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, మనిషి దొరకడు. దొరికినా గంటకింతని కట్టించుకుంటాడు, టీ తాగిన సమయంతో సహా. మీరు కూలీని సామాను ఖరీదులో మూడో వంతు వేశారు. ఆ కాగితాన్ని మీ అబ్బాయి గర్వంగా తీసుకెళ్ళి ఇక్కడి బిల్డరుకు చూపించారు. ఆయన నవ్వాపుకుని, "ఇది పునాదికా, మొత్తం ఇంటికా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడైనా ఇల్లు చిన్నది చేస్తారనుకున్నాను. ఒక గది తగ్గిస్తే పోయేది. ఇల్లు తగ్గలేదు, కూలీ తగ్గింది. ఎలా తగ్గిందో మీకు నేను చెప్పాలా? మీరే చెప్పారట కదా, "కొత్త ఇటుకలెందుకురా, ఎవరైనా పాత ఇల్లు పడగొడుతుంటే ఆ ఇటుకలు పట్టుకో, కోడలు కూర్చుని గోకేస్తుంది" అని. "సున్నాలు, రంగులు, నేల మీద పలకలు పరచడం, అన్నీ ఇంట్లోవాళ్ళే చేసుకోవచ్చు" అని కూడా అన్నారట. ఇంట్లోవాళ్ళు అంటే ఎవరండీ? మీ అబ్బాయి పొద్దున్నే మెషీన్ల కంపెనీకి వెళ్ళి, సాయంత్రం నడుం పట్టుకుని వస్తారు. ఇక మిగిలిన ఇంట్లోవాళ్ళని నేనొక్కదాన్నే.

వీధి చివర మా స్థలంలో పాత ఇటుకలు గుట్టగా పోయించారు. ఒక్కొక్క ఇటుకకూ నాలుగు వైపులా సిమెంటు గట్టిపడి ఉంది. సుత్తీ ఉలీ పట్టుకుని, చిన్న పీట మీద కూర్చుని, ఒక ఇటుక ఒళ్ళో పెట్టుకుని కొట్టాలి. దుమ్ము కళ్ళలోకి, ముక్కులోకి, నోట్లోకి. చేతి తొడుగులు వారానికో జత చిరిగిపోతున్నాయి. మొన్న బిల్డరు వచ్చి చూసి, "ఈ పని నా మనుషులతో చేయిస్తే ఒక్క ఇటుక గోకిన ఖర్చుతో కొత్తవి రెండొస్తాయమ్మా" అన్నాడు. మరి నేను గోకితే ఎందుకు చౌక అని అడిగాను. ఆయన మీ అబ్బాయి వంక చూశాడు. మీ అబ్బాయి ఇటుకల వంక చూశారు.

మామయ్యగారూ, నేనేం చదివానో మీకు గుర్తుందా? పెళ్ళిచూపుల్లో మీరే అడిగారు. ఫిజియోథెరపీ. మీ భుజం పట్టేసినప్పుడు రోజూ పొద్దున్న చెయ్యి పైకెత్తించి తగ్గించింది నేనే. ఆ చదువు ఈ దేశంలో చెల్లాలంటే ఇక్కడి పరీక్ష రాయాలి. రాతపరీక్ష పాసయ్యాను, అది కూడా మీకు తెలుసో లేదో. ఇంకా ప్రాక్టికల్ ఉంది, రెండు నెలల్లో. అందులో పుస్తకం ఉండదు, చేతులే. రోగి వీపు మీద వేళ్ళు పెట్టి ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ వాచిందో పట్టుకుని చెప్పాలి. నా వేళ్ళిప్పుడు పొద్దున్న లేచేసరికి ముడుచుకుపోయి ఉంటున్నాయి. వేణ్ణీళ్ళలో పెడితే గానీ తెరుచుకోవు. నిన్న టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియలేదు. నాకు భయమేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది.

పరీక్ష అయ్యేదాకా ఈ పని ఆపుతానంటే మీ అబ్బాయి ఏమన్నారో తెలుసా? "నాకు మాత్రం ఇష్టమా? కానీ నాన్న మాట ఎలా తీసెయ్యను? పరీక్షదేముంది, ఎప్పుడైనా రాసుకోవచ్చు అన్నారు నాన్న" అన్నారు. ఎప్పుడైనా! మీరు పునాది తవ్వించి ఎప్పుడైనా కట్టుకోవచ్చులే అని వదిలేస్తారా? ఇన్నేళ్ళలో మీ సైటులో ఏ కూలీ చేతనైనా జీతం లేకుండా వెట్టి చేయించారా? కోడలైతే పరవాలేదా? ఉప్పూ కారం తినే మనిషిని కాదా నేను?

నాకు కావాల్సింది ఒక్కటే. పరీక్ష అయ్యేదాకా కోడల్ని ఇటుకల జోలికి వెళ్ళనివ్వొద్దని మీ చేత్తో ఒక ముక్క రాయండి. మీరు చెప్తే ఆయన వింటారు. నేను చెప్తే వినట్లేదు. రాయలేనంటే అదైనా రాయండి. అప్పుడేం చెయ్యాలో నేను చూసుకుంటాను.

కోపంతో,
మీ కోడలు

—

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. మొదటిసారి చదివి బల్ల మీద విసిరికొట్టాను. మామగారికి రాసే ఉత్తరమేనా ఇది అని మీ అత్తయ్య మీద కేకలేశాను. ఆవిడ తీసుకుని చదివి, మళ్ళీ నా చేతిలో పెట్టింది. రెండోసారి చదివాను. ఈసారి కోపం నీ మీద నుంచి వేరే చోటికి పోయింది.

నేను చెప్పేది జాగ్రత్తగా విను. పాత ఇటుకలు కొనమని నేను అనలేదు. కొంటానని వాడే అన్నాడు. ఎవడు గోకుతాడ్రా అక్కడ అని అడిగాను. కోడలు గోకుతుంది నాన్నా, ఇంట్లో తోచట్లేదు, ఏదైనా పని చెప్పమని తనే అడుగుతోంది అన్నాడు. పరీక్ష ఏమైందంటే, రాతపరీక్ష పోయింది, ఇక మానేసింది, దాని గురించి అడిగితే ఏడుస్తోంది, మీరు ఎత్తొద్దు అన్నాడు. అందుకే నేను నిన్ను పరీక్ష గురించి ఒక్క మాటా అడగలేదు. ఏడిపించడమెందుకని నోరు మూసుకున్నాను. నాకు చెవుడే గానీ మతిమరుపు లేదు, ఇవన్నీ వాడి మాటలే. నువ్వు పాసయ్యావని ఈ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ ముక్క మీ అత్తయ్యకి మూడుసార్లు చదివి వినిపించాను.

నా ఎస్టిమేటు తప్పిందన్నావు. తప్పింది. అక్కడ కూలీ ఎంతని నేను అడిగితే, మీకెందుకు నాన్నా, నేను సర్దుకుంటాను అన్నాడు. ఆ సర్దుబాటు ఏమిటో ఇప్పుడు అర్థమైంది. నా సైటులో తట్టలెత్తే ఆడమనిషికి కూడా శనివారం సాయంత్రం చేతిలో డబ్బు పెట్టకుండా నేను ఇంటికి వెళ్ళిన రోజు లేదు. నా పేరు చెప్పి నా కోడలి చేత వెట్టి చేయించాడు వీడు.

ఇప్పుడు మళ్ళీ లెక్క వేశాను. నీ కూలీ కలిపాను, ఇటుకలు గోకే కూలీ కాదు, ఈ పనిలో పడి నువ్వు పోగొట్టుకునేది, ఆ దేశంలో నీ చదువుకిచ్చే జీతం. అది కలిపితే ఆ ఇల్లు మీకు అందదు. అందని ఇల్లు మొదలుపెట్టకూడదు. ఇది కంట్రాక్టరుగా చెప్తున్నాను.

ఇక మామగారుగా. వాడికి ఫోన్ చేసి ఉతికి ఆరెయ్యాలని చెయ్యి దురద పుట్టింది. మీ అత్తయ్య ఆపింది. మీరు తిడితే మీకు భయపడతాడు, భార్యకి మాత్రం జవాబు చెప్పడు, ఆ అవకాశం వాడికి ఇవ్వొద్దు అంది. ఆ మాట నిజమే అనిపించింది. అందుకని వాడికి ఇంకా ఏమీ తెలియదు. ఈ ఉత్తరం నీ దగ్గర ఉంచుకుంటావో, వాడి మొహాన కొడతావో నీ ఇష్టం. పరీక్ష మాత్రం రాయి. సుత్తి కింద పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య

—

ఏమండీ,

నేనెక్కడున్నానో మీకు తెలుసు, చీటీ రాసి పెట్టే వచ్చాను: పరీక్ష జరిగే ఆస్పత్రి వెనక వీధిలో, నర్సుల హాస్టల్లో. ఫోన్ ఎత్తట్లేదని కంగారు పడుతున్నారట, పక్కింటావిడ చెప్పింది. ఫోన్లో మీ గొంతు వింటే నాకు కోపం మాటల్లోకి రాదు, ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను.

మీ నాన్నగారి ఉత్తరం దీంతో పాటు పెట్టాను. ముందు అది చదవండి, తర్వాత ఇది.

చదివారా? పరీక్షకి నాలుగు రోజుల ముందు, ఆ ఉత్తరం వచ్చిన రోజు, నేను ఇటుకల దగ్గరే ఉన్నాను. పోస్టువాడు స్థలం దగ్గరికే తెచ్చిచ్చాడు. చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, మళ్ళీ పీట మీద కూర్చున్నాను. మిమ్మల్ని అడగాలి, కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మీరు పొరపాటుగా విన్నారేమో, ఆయనకి సరిగా వినపడలేదేమో అని మీ తరఫున నాతో నేనే వాదించుకున్నాను. గెలిచేదాన్ని కూడా. ఇంతలో మీరొచ్చారు. గుట్ట వంక చూసి, "ఇంకా ఇంతే అయ్యాయా? ఇందాకే నాన్న ఫోన్ చేశారు. ఏం చేస్తోంది కోడలు, చేతులకి గోరింటాకు పెట్టుకుందా అని మండిపడ్డారు" అన్నారు.

మీ నాన్నగారి మాటలు నా జేబులో ఉన్నాయి. మీరు నా ఎదురుగా నిలబడి, ఆయన గొంతుతో నన్ను తిడుతున్నారు. గోరింటాకు ముక్క ఎంత బాగా కల్పించారండీ! మీరు ఇంత చెయ్యి తిరిగినవారని నాకు తెలియదు. మెషీన్ల కంపెనీలో మీకు తగిన పని ఇవ్వట్లేదు.

అప్పుడే అరిచెయ్యాల్సింది. అరవలేదు. లేచి, చేతులు కడుక్కుని, ఇంటికొచ్చి సూట్‌కేసు సర్దుకున్నాను. మీరు వంట కోసం వెళ్ళాననుకున్నారు.

పెళ్ళయినప్పటి నుంచీ నేను ఎవరి మీద కోపం పెంచుకున్నానో ఇప్పుడు లెక్క చూసుకుంటున్నాను. మా చెల్లెలి పెళ్ళికి మూడు రోజులే ఉండమన్నది మీ నాన్న. నేను ఆస్పత్రిలో చిన్న ఉద్యోగమైనా చేస్తానంటే, వద్దన్నది నాన్న. ఈ ఇంటికి నాలుగు గదులూ ఉండాల్సిందేనన్నది నాన్న. పాపం ఆయన అక్కడ కూర్చుని, నాకు ఏడుపొస్తుందని పరీక్ష మాటే ఎత్తకుండా ఉన్నారు. నేనిక్కడ ఆయన ఫోటో చూసినప్పుడల్లా పళ్ళు కొరుక్కున్నాను. మామగారికీ కోడలికీ పడదని మీ స్నేహితుల దగ్గర నవ్వుతూ చెప్పేవారు కదా. పడనివ్వనిది ఎవరు?

మీకు ఇల్లు కావాలి, చేతిలో డబ్బు చాలదు, నా చదువు ఒక ఏడాది ఆగాలి. ఇదే కదా మీ మనసులో ఉన్నది? ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, "నాకు ఈ ఇల్లు కావాలి, నువ్వు ఏడాది ఆగుతావా?" అని మీరే అడిగి ఉండొచ్చు. నేను కాదనేదాన్ని. దెబ్బలాడుకునేవాళ్ళం. రెండు గదుల ఇల్లు కట్టుకునేవాళ్ళమో, అద్దె ఇంట్లోనే ఉండేవాళ్ళమో. నా నోటి నుంచి ఆ కాదు అనే మాట వినే ధైర్యం మీకు లేకపోయింది. అందుకు ఆ ముసలాయన గొంతు అరువు తెచ్చుకున్నారు. నాకు ఇటుకల కన్నా అది ఎక్కువ బరువుగా ఉంది.

ఇవాళ ప్రాక్టికల్ అయింది. బల్ల మీద ఒకాయన బోర్లా పడుకున్నాడు. వీపు మీద చేతులు పెట్టాను. కుడి చెయ్యి ఏదో చెప్పింది. ఎడమ చేతి వేళ్ళు ఏమీ చెప్పలేదు. మళ్ళీ పెట్టాను. పరీక్ష చేసేవాళ్ళు ఓపిగ్గానే చూశారు. ఊహించి చెప్పాను, తప్పు చెప్పాను. బయటికొచ్చేటప్పుడు వాళ్ళలో పెద్దావిడ నా చేతులు తిప్పి చూసి, "ఏం పని చేస్తున్నావమ్మా?" అని అడిగింది. ఇల్లు కడుతున్నానని చెప్పాను. ఆవిడకేం అర్థమైందో తెలియదు. వేళ్ళకి మూడు నెలలు పూర్తి విశ్రాంతి ఇమ్మంది, నరం దెబ్బతినలేదు, కుదురుకుంటుందంది, వచ్చే విడతలో మళ్ళీ రాయమంది. అప్పటిదాకా ఈ ఆస్పత్రిలోనే రోగుల వివరాలు రాసుకునే బల్ల దగ్గర పని ఉంది, చేస్తావా అంది. చేస్తానన్నాను. ఎవర్నీ అడగకుండా చేస్తాననడం ఇంత తేలికని నాకు తెలియదు.

ఇది చదవగానే మీరు బయలుదేరి వస్తారని నాకు తెలుసు. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటారు, అదీ తెలుసు. రావొద్దు. నాన్న రమ్మన్నారు, నాన్న బెంగపెట్టుకున్నారు అని మాత్రం అసలు చెప్పొద్దు. మామయ్యగారికి నేనే విడిగా రాశాను, పరీక్ష పోయిందని, ఎందుకు పోయిందో కూడా. ఇక నుంచి ఆయనకీ నాకూ మధ్య మీరు అక్కర్లేదు.

మీరు కడితే కట్టుకోండి, మానితే మానండి. ఆ ఇంట్లోకి నేను రాను. ఇది ఎవరో చెప్పమన్నది కాదు. నేనే చెప్తున్నాను.

మీ భార్య