మిగిలిన బండ

సుజాతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. పుప్పాలగూడ గుట్టను పేల్చి టవర్లు కట్టబోయినప్పుడు, ఒక్క పెద్ద బండనైనా ఉంచితే చాలని ఉద్యమంలో ఉన్న మేమంతా బిల్డర్‌తో రాజీపడ్డాం. నువ్వొక్కదానివే ఒప్పుకోలేదు. "ఇయ్యాల గుట్ట ఇడిసిపెడితే రేపు గీ బండ గూడ అడుగుతరు, సూడు" అన్నావు. నీది మొండిపట్టు అనుకున్నాం.

ఆ బండ ఇప్పుడు మా గేటు పక్కనే ఉంది. అవును, నేను ఫ్లాట్ కొన్నది ఆ టవర్లలోనే. పొద్దున అసోసియేషన్ మీటింగ్‌లో, కార్లు తిరగడానికి అడ్డమని దాన్ని తీసేద్దామన్నారు. ఉద్యమం చేసి నిలబెట్టుకున్న బండ అది, ముట్టుకోవద్దని నేను గట్టిగానే అరిచాను.

"మీరు ప్రాక్టికల్ మనిషి కదండీ," అన్నారు ప్రెసిడెంటు గారు, ఎంతో మర్యాదగా. "పోనీ, సగం ఉంచుదామండి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడిదాకా కొట్టెయ్యాలో నన్నే గీత గీయమన్నారు. పర్యావరణం సంగతి నాకు బాగా తెలుసట.

సుద్దముక్క తీసుకుని, మనకు కాస్త ఎక్కువ మిగిలేట్టు గీశానక్కా. ఫొటో తీసి మన పాత ఉద్యమం గ్రూపులో పెడితే, ఇదీ గెలుపే అన్నారు.