దుర్గం చెరువు ఒడ్డున శుక్రవారం

27 నవంబర్ 1949, ఆదివారం

నేను చదివిన కాన్వెంటు పెద్ద, మదర్, పిలిచారు. పంతులమ్మకు కావలసిన చదువు నాకు ఉందట, గొంతే లేదట. పోయిన వారం మూడో క్లాసులో నన్ను నిలబెట్టి చూశారు. రెండో బెంచీ దాటి ఏమీ వినిపించలేదని పిల్లలే చెప్పారట.

జనవరిలో ఆ క్లాసుకు టీచర్ కావాలి. ఆ లోపు గర్ల్ గైడ్స్ పిల్లలు పన్నెండు మందిని హైక్‌కు, అంటే ఊరి బయట రోజంతా నడకకు, తీసుకెళ్లమన్నారు. సిస్టర్ బ్రిజిడ్ వెంట వస్తారు. వచ్చి రిపోర్టు రాస్తారు.

ఇంట్లో చెప్పాను. ఉద్యోగం వస్తే సరే, లేకపోతే నార్సింగిలో మేనత్త దగ్గర ఉండి ఇంటిపని నేర్చుకోవాల్సిందే అన్నాడు బాపు. మేనత్త ఇంట్లో పుస్తకం అంటే పంచాంగం ఒక్కటే.

1 డిసెంబర్, గురువారం

రైలు, దారి, టిఫిన్ అన్నీ నేనే చూడాలట. ఎనిమిదిన కాన్వెంటులో మరియమ్మ పండగ. తర్వాత రెండు రోజులు సెలవు. శుక్రవారం వెళ్లాలా, శనివారమా? శనివారం మా ఇంట్లో నీచు ముట్టం. శుక్రవారం అని రాసి ఇచ్చాను. నిజం ఒప్పుకోవాలి, కీమా కట్లెట్ల మీద ఆశతోనే రాశాను.

కాన్వెంటు వంటాయన రాజయ్య కొత్తగా చేరాడు. టిఫిన్ చీటీ చదివి వినిపించాను. కట్లెట్లు, డబల్ రొట్టె, నిప్పుల్లో కాల్చుకోవడానికి ఆలుగడ్డలు. మంచిగుంటదమ్మా అన్నాడు.

7 డిసెంబర్, బుధవారం

పెరట్లో నిలబడి "క్విక్ మార్చ్" అని అరిచి చూశాను. అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

9 డిసెంబర్, శుక్రవారం, ఉదయం అయిదు

రైలు ఆరున్నరకు. విజిల్ మెడలో వేసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం ఏడు

కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని రాస్తున్నాను. అన్నీ వరుసగా రాయాలి.

లింగంపల్లిలో దిగాం. నేను మ్యాపు తిరగేసి పట్టుకున్నందువల్ల నల్లగండ్ల దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాం. సిస్టర్, చుట్టూ తిరిగితేనే కదా ఊరు తెలిసేది అన్నారు. ఆమెకు అరవై ఏళ్లు. మేమంతా ఆయాసపడుతుంటే ఆమె ఈల వేస్తూ నడిచారు. జొన్నచేలు, తర్వాత తుప్పలు, తర్వాత అన్నీ బండలే. ఇంటింత బండ మీద ఇంకో ఇంటింత బండ. తొమ్మిది మైళ్లు అయి ఉంటుంది. పిల్లలకు చెప్పాల్సిందంతా విజిల్‌తోనే చెప్పాను.

ఒంటిగంటకు దుర్గం చెరువు కనిపించింది. చెప్పులు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టాం. టిఫిన్ తెరిచాం.

బోర్డింగ్ పిల్ల ఫిలోమినా కట్లెట్ విరిచి వాసన చూసి, మళ్లీ డబ్బాలో పెట్టేసింది. ఇవాళ శుక్రవారం కదా మిస్ అంది. నాకు అర్థం కాలేదు. మా కేథలిక్కులకు ఇవాళ మాంసం కూడదు, చేపే తినాలి కదా అంది. మిస్ మమ్మల్ని నరకానికి పంపాలనుకుంటున్నట్టుంది అని పక్కపిల్లతో అంది, నాకు వినబడేట్టే.

పదేళ్లు ఆ కాన్వెంటులో చదివాను. ప్రతి శుక్రవారం బోర్డింగ్ వంటింటి నుంచి వచ్చే చేపల వాసన నాకు తెలుసు. మా శనివారం గుర్తుపెట్టుకున్నాను. వాళ్ల శుక్రవారం మరిచిపోయాను.

తినకూడనివాళ్లు బోర్డింగ్ పిల్లలు అయిదుగురు, సిస్టర్ ఒకరు. వాళ్లు తినకపోతే మేమూ తినం అని మిగతా ఏడుగురూ డబ్బాలు మూసేశారు. వంటాయన పొరపాటు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తప్పు నాదే అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అన్నాను. సిస్టర్ తల ఊపి, రొట్టె ఉంది, నీళ్లున్నాయి, ఎంతోమందికి అదీ లేదు అన్నారు. కానీ ఫిలోమినా మోకాళ్ల మీద తల వాల్చేసింది. ముఖం తెల్లగా పాలిపోయింది. ఇంకా హఫీజ్‌పేట స్టేషను దాకా నడవాలి.

కింద ఒడ్డున ఒకామె పొయ్యి మీద పెనం పెట్టుకుని కూర్చుంది. పేరు సత్తెమ్మ. దిగి వెళ్లి చేపలున్నాయా అని అడిగాను. ఏంది బిడ్డా, నోట్ల నోట్లనే మాట్లాడుతున్నవ్, మంత్రం సదువుతున్నవా అంది. మళ్లీ అడిగాను. చేపలు నా తాన లేవు, గా తెప్ప మీదున్న మా పెంటయ్య తాన ఉన్నయ్, పొద్దుగూకేదాక రాడు, పిలుసుకో అంది. తెప్ప చెరువు నడుమ ఎక్కడో చిన్న పుల్లలా ఉంది. నువ్వే పిలవరాదా అమ్మా అన్నాను. ఆకలి నీదా నాదా అంది.

విజిల్ ఊదాను. అతను తిరిగి చూడలేదు. పిట్ట అనుకుంటడు అంది సత్తెమ్మ.

పిలిచాను. నా గొంతు నా కాళ్ల దగ్గరే పడిపోయింది. గీ పిలుపుకు కప్ప గూడ రాదు బిడ్డా అంది. పైన బండ మీద పిల్లలు లేచి నిలబడి చూస్తున్నారు. సిస్టర్ కూడా.

అప్పుడు ఏమైందో తెలియదు. "ఓ పెంటన్నా! చేపలు గావాలె! జల్ది రావే!" అని అరిచాను. కాన్వెంటులో ఒక్క మాట అంటే బెంచీ ఎక్కించే మా ఇంటి భాషలో. ఎదుటి బండలు ఆ అరుపును పట్టుకుని తిరిగి విసిరాయి. కొంగలు లేచాయి. నా గొంతేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. పెంటయ్య గడ ఎత్తి ఊపాడు.

నాలుగు పెద్ద కొర్రమట్టలు తెచ్చాడు. చేపలకు బదులు కట్లెట్లు ఇస్తామన్నాం. సత్తెమ్మ ఒకటి కొరికి, కీమను గిట్ల బిళ్లలు సేసి పాడు జేసిండ్రు అని, ఇంకోటి తీసుకుంది. చేపముక్కలకు శనగపిండి, ఉప్పు, కారం పట్టించి పల్లినూనెలో వేసింది. ఆలుగడ్డలు నిప్పుల్లో వేయబోతే సిస్టర్ ఆపారు. చాకు అడిగి తీసుకుని, వేలంత ముక్కలుగా తరిగి, వాటినీ నూనెలో వేయమన్నారు. సత్తెమ్మ ఆమెను ఎగాదిగా చూసి, దొరసానికి కడుపుల ఏమన్న యాది మెదిలినట్టుంది అంది. నేను తర్జుమా చేశాను. సిస్టర్ అవునన్నారు. చిన్నప్పుడు వాళ్ల దేశంలో నాన్నతో కొండలెక్కి దిగాక, సముద్రం పక్కన ఒక కొట్లో ఇదే కొనుక్కునేవారట. న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేవారట. ఈ దేశం వచ్చాక తిననే లేదట, ఇరవై ఆరేళ్లయిందట. వెనిగర్ ఒక్కటే తక్కువ అన్నారు. సత్తెమ్మ పచ్చి చింతకాయలు దంచి ఆ పులుపు నీళ్లు చిలకరించింది.

రొట్టె చుట్టిన పేపర్లు చింపి పంచాను. అందరం నిలబడే తిన్నాం. కరకరమనే పిండి, లోపల తెల్లటి మెత్తటి చేప, ఉప్పగా వేడిగా ఆలుగడ్డ. వేళ్లు కాలాయి. అచ్చు సిరా వేళ్లకంటింది. ఫిలోమినా మూడుసార్లు వచ్చి చెయ్యి చాపింది. నాకు చివర మిగిలిన తోకముక్క వచ్చింది. అంత రుచి ఏదీ ఎరగను. ఎవరికి దండం పెట్టాలో తెలియక చెరువుకు పెట్టాను. సత్తెమ్మకు నోటితోనే చెప్పాను, వినబడేట్టు. గట్ల మాట్లాడు బిడ్డా అంది.

10 డిసెంబర్, శనివారం

సిస్టర్ రిపోర్టు మదర్ బల్ల మీద ఉంది. రెండే వాక్యాలు. పిల్లలందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. భోజనం చాలా బాగుంది. కీమా మాట లేదు. శుక్రవారం మాట లేదు.

నేను చెప్పేశాను. శనివారం సంగతీ, కట్లెట్ల మీద ఆశ సంగతీ అన్నీ. మదర్ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆలోచించి చెబుతాను, వెళ్లు అన్నారు. తలుపు దగ్గరకు వచ్చాక, ఇంత గట్టిగా చెప్పక్కర్లేదు, పక్కగదిలో సిస్టర్లు ప్రార్థనలో ఉన్నారు అన్నారు.

13 డిసెంబర్, మంగళవారం

జనవరి నుంచి మూడో క్లాసు నాదే.

గొంతు ఇంకా బొంగురుగా ఉంది. అమ్మ మిరియాల కషాయం పెట్టి ఇచ్చింది. ఆ అరుపు గుర్తుగా ఇంకొన్నాళ్లు ఉండనీ అని తాగలేదు.