రాజుగారి స్క్రీన్ మీద అన్నయ్య మాట

భీమవరం, ఆగస్టు 2006, బుధవారం

రొయ్యలు కొనే రాజుగారి ఆఫీసులో ధర లెక్కగట్టే ప్రోగ్రాం అన్నయ్య పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసిందే. ఫార్ములా రాజుగారే టైపు చేస్తే, ప్రోగ్రాం దాన్ని అక్కడికక్కడే కోడ్‌గా నడుపుతుంది. ఆయనేమో బిల్లులు రాసే అలవాటుకొద్దీ అంకె పక్కన "/-" పెట్టేస్తారు. కంప్యూటరేమో వాటిని భాగహారం, తీసివేత గుర్తులనుకుంటుంది. వెంటనే స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఎర్రర్, ఆయనకు కంగారు, అన్నయ్యకు ఫోను.

"ఏం పాడవలేదండి, నిదానంగా మళ్ళీ కొట్టండి" అనేవాడు అన్నయ్య, ఎన్నిసార్లయినా.

అన్నయ్య పోయాక ఆ ఫోన్లు నాకొస్తున్నాయి. ఓపికంతా తనతోనే పట్టుకుపోయాడు, నాకేం మిగల్చలేదు. అందుకే ఇవాళ వెళ్ళి, ఫార్ములాలో తప్పుంటే ఎర్రర్ బయటపడకుండా ఆపి, పాత ధరే ఉంచి, ఒక్క వాక్యం చూపించేలా మార్చాను. ఏం రాయాలో తోచక, ఇంగ్లీషు అక్షరాల్లో అన్నయ్య ఫోన్లో చెప్పే ఆ మాటే పెట్టాను.

ఒకసారి చూడమంటే రాజుగారు ఎప్పటిలాగే "/-" కొట్టారు. వచ్చింది పైకి చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"మీ అన్నయ్య ఇందులో ఉన్నాడేంటమ్మా?"

ఆయన కళ్ళు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. తప్పు దిద్దలేదు. మళ్ళీ అదే తప్పు కొట్టారు, కావాలనే.