అవ్వ కుడిపక్క నొక్కదు

వదినా, కర్నూలు బస్సుకు టైమైంది. ముఖం బొమ్మ నొక్కితే మనకు ఫోన్ కలిసేలా అవ్వ కోసం చేసిన యాప్ ఇంకా ఎక్కనేలేదు. చదవడం రాని మనిషి, అది లేకపోతే నాకు ఫోన్ చేయడం ఆమెకు చేతకాదు. నువ్వే ఎక్కించాలి.

అన్న ల్యాప్‌టాప్ తెరిచే ఉంచాను. నల్ల కేబుల్‌తో అవ్వ ఫోన్ తగిలించి, అది ల్యాప్‌టాప్‌కు కలిసిందో లేదో చూడ్డానికి adb devices అని కొట్టు. unauthorized అని వస్తుంది. మూడు రోజులుగా ఆ మాట చూసి చూసి విసిగిపోయాను. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, కేబుళ్లు మార్చాను, ఊరికే అన్నతో గొడవపడ్డాను. పొద్దున గానీ సంగతి తెలియలేదు. తగిలించిన ప్రతిసారీ ఫోన్ మీద అనుమతి అడుగుతోంది. నేను ల్యాప్‌టాప్ వైపు తిరగ్గానే అవ్వ ఎడమపక్క నొక్కి వద్దనేస్తోంది. గట్టిగా అరిచేశాను.

"నువ్వే గదమ్మీ చెప్పింది, ఏమడిగినా ఎడమపక్కే నొక్కు, కుడిపక్క నొక్కితే దొంగలు పడతారని!" అని ఫోన్ బొడ్లో దోపుకుని చేనికి పోయింది.

సాయంత్రం నువ్వు కుడిపక్క నొక్కమంటే నొక్కదు. మంజుల చెప్పిందన్నా నమ్మదు. నా పేరు చెప్పేవాళ్లను నమ్మొద్దని కూడా నేనే నేర్పాను. ముందు నీ ఫోన్ నుంచి నాకు చేసి ఆమె చెవి దగ్గర పెట్టు, నేనే చెప్తాను. ఆమె నొక్కాక adb install bommalu.apk అని కొట్టు, యాప్ ఎక్కుతుంది, అంతే.

మంజుల

మొదటి బొమ్మ నాదే పెట్టాను. పొద్దున అరిచినందుకు దాన్ని నొక్కి నన్ను బాగా తిట్టమను.