పారేయని ఆదేశం

తెనాలి

శ్రీవారికి వాగ్దేవి రాస్తున్నది,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బెంగళూరులో మీరు బాగున్నారని అత్తయ్య గారు రోజూ చెబుతూనే ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్న వదిలేస్తున్నాను. మీరు ఫోనులో నన్ను రెండో మాట దాకా రానివ్వరు. అందుకే కాగితం.

మీ మెయిలుకు జవాబులు. పాపకు జ్వరం తగ్గింది. గ్యాస్ స్టవ్ బాగుచేయించాను. ఇంట్లో కూర్చుని నాలుగు పేజీలు రాయడానికి ఇంత రాద్ధాంతమా అన్నారు. మీ కంపెనీ మాన్యువల్‌కు ఆ పేజీలు రాయాలంటే మీ ప్రాసెసర్ డిజైన్‌లో ప్రతి లైనూ చదవాలి. మీకన్నా ఓపిగ్గా చదివింది నేనే, మీ ఒళ్లు మంట అందుకే.

ఒక ఆదేశం అమలవుతుండగానే ప్రాసెసర్ తర్వాతిది తెచ్చి పెట్టుకుంటుంది. ఈలోగా ప్రోగ్రామ్ దారి మారితే, తెచ్చుకున్నదాన్ని పారేయాలి. మెమరీ ఆలస్యమైన సమయంలోనే దారి మారితే మాత్రం మీ డిజైన్ దాన్ని పారేయదు, అమలు చేసేస్తుంది. ఇది చూపించినప్పుడు మీరన్న మాట నేను మరిచిపోలేదు. "ఎప్పుడో ఒకసారి వచ్చేదానికి ఏంటి గోల? పారేస్తుందనే రాయి. మేనేజర్నయ్యాక సరిచేస్తాలే."

ఆ ఎప్పుడో ఒకసారి మీ బాబాయి గారి రొయ్యల చెరువులో వచ్చింది. రేపల్లెలో ఆ చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లకు మీ ప్రాసెసర్ ఉన్న పరీక్ష బోర్డు పెట్టించింది మీరే. తెల్లవారుజామున అది పారేయాల్సిన ఆదేశాన్ని అమలు చేసింది. అది మోటార్లు ఆపే ఆదేశం. గాలి అందక రొయ్యలు చచ్చి తేలాయి. కాపలా ఉన్న ఏసుబాబు నిద్రపోయి ఉంటాడని బాబాయి గారు అతన్ని పనిలోంచి తీసేశారు. అతను ఇప్పుడు బాపట్లలో కూలిపని వెతుక్కుంటున్నాడట. మీరప్పుడు సెలవు మీద ఇక్కడే ఉన్నారు. మోటార్లు ఆపింది బోర్డేనని అది పంపిన రికార్డులో అప్పటికే మనిద్దరం చూశాం. అయినా మీరు ఫోనులో మనిషి తప్పే అయ్యుంటుందని బాబాయి గారికి నచ్చజెప్పారు. పక్కనే నిలబడి విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక మీరు మెయిలు చివర అడిగింది. లోపం గురించిన ఆ పేరా తీసేశావా అని. తీసేయలేదు. లోపం ఉన్నది ఉన్నట్టు రాసి, మీకు చూపించకుండా, నిన్న కంపెనీకి పంపేశాను. మీ ప్రమోషన్ ఏమవుతుందో తెలిసే పంపాను.

తర్వాత రేపల్లె బస్సెక్కాను. బాబాయి గారు అంతా విన్నారు.

"మా సారథికి ముందే తెలుసా అమ్మా?" అన్నారు.

"తెలుసండి" అన్నాను.

ఆయన ఏసుబాబును వెతకడానికి అప్పటికప్పుడు బండి తీశారు. వెళ్తూ మీకు చెప్పమన్నది ఇది. "వాడు నాకేం చెప్పక్కర్లేదు. ఏసుబాబు ఇంటికెళ్లి తప్పు ఒప్పుకున్నాకే మా గడప తొక్కమను."

మీరంటే అసహ్యం వేస్తోంది. మన గడపకూ అదే మాట.

ఇట్లు,
మీ భార్య
వాగ్దేవి