సిపాయిలకు కళ్లెప్పుడు?

పంజగుట్ట

అమీర్‌పేట రాజనర్సయ్య కాకకు, వజీర్ నమస్కారం.

నేనెవరో ఆటో సురేందర్ చెప్పే ఉంటాడు. పంజగుట్టలో స్కూళ్లకు, ఆటల పోటీలకు కప్పులూ షీల్డులూ చేసే దుకాణం మాది. దుకాణం మా అన్న ముషర్రఫ్ చూసుకుంటాడు. వెనకనున్న రేకుల షెడ్డులో నేను సిపాయి బొమ్మలు పోత పోస్తాను. ఎప్పుడో ఇంగ్లండులో పిల్లలు ఆడుకున్న లోహపు సిపాయిలు మన జుమ్మేరాత్ బజారు పాత సామాన్లలో అప్పుడప్పుడు దొరుకుతాయి. వాటికి రబ్బరు అచ్చు తీసి, తగరం కరిగించి పోసి, అలాంటివే కొత్తవి చేస్తాను. పాతవని చెప్పి ఎవరికీ అమ్మను. ప్రతి బొమ్మ అడుగున "కొత్త పోత" అని ముద్ర ఉంటుంది.

ఇన్నాళ్లూ రంగు లేకుండానే అమ్మాను. ఇప్పుడు ఫణీంద్ర గారని, ఇట్లాంటి బొమ్మలు కూడబెట్టే ఆయన, రంగులు వేసిన బ్యాండు సెట్టు కావాలన్నారు. అది నచ్చితే ఇకముందు కూడా నా దగ్గరే తీసుకుంటారట. నచ్చకపోతే నా షెడ్డు పోయినట్టే. మా అన్న అప్పుడే ఒక టిఫిన్ సెంటర్ ఆయనను తీసుకొచ్చి చూపించాడు. "బొమ్మలాట చాలు తమ్మీ. గీడ ఇడ్లీ పెడితె నాలుగు పైసలన్న వస్తయి" అన్నాడు.

బోనాలకు మీరు రంగు వేసిన అమ్మవారి విగ్రహాలు చూసి సురేందర్ మీ పేరు చెప్పాడు. బ్యాండు వాళ్లను అతని ఆటోలో పంపుతున్నాను. ఎర్ర కోట్లు, నీలం ప్యాంట్లు, నల్ల టోపీలు. నమూనా కాగితం మీద గీసి పెట్టాను.

మీ
వజీర్

తా.క. మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వచ్చి తలుపు కొడితే తీయలేదు. లోపల దగ్గు మాత్రం వినబడింది. సురేందర్‌ను అడిగితే "కాక గంతే" అన్నాడు.

---

అమీర్‌పేట

వజీర్‌కు రాజనర్సయ్య ఆశీస్సులు.

బొమ్మలు చేరాయి. పని ఒప్పుకున్నాను. పని తెచ్చినవాళ్ల ముఖం ఆ పని ముగిసేదాకా చూడను, గొంతు వినను. మా నాన్న పెట్టిన పద్ధతి. ఎదురుగా కూర్చోనిస్తే పూటకో రంగు మార్చమంటారు. చెప్పేదుంటే రాసి పంపు. పంజగుట్ట నుంచి అమీర్‌పేటకు ఉత్తరాలేమిటని సురేందర్ నవ్వుతున్నాడు. నవ్వనీ.

కొన్ని సంగతులు తెలియాలి. వీళ్లు శాంతమా, ఉగ్రమా? శాంతమైతే ముఖానికి లేత పసుపు కలుపుతాను, ఉగ్రమైతే ఎరుపు. ఏ దిక్కుకు తిరిగి నిలబడతారు? ఒకాయన చేతిలో కర్ర తప్ప మరేమీ లేదు. వీళ్లకు పెద్ద ఆయనేనా? అయితే రంగు ఆయనతోనే మొదలుపెట్టాలి. డప్పు వాడు నాకు నచ్చాడు. బరువు మోసేవాడు నడుము ఎట్లా వెనక్కి వంచుతాడో అట్లాగే వంచాడు. వీణ్ణి చేసినవాడెవడో డప్పు మోసి ఉంటాడు.

ఇట్లు
రాజనర్సయ్య

తా.క. సన్నాయి వాడి సన్నాయి వంకరగా ఉంటే సరిచేశాను. ఇప్పుడు పొట్టిగా ఉంది.

---

పంజగుట్ట

రాజనర్సయ్య కాకకు వజీర్ నమస్కరించి రాయునది.

సన్నాయి సంగతి చదివి కొలిమి మళ్లీ వెలిగించాను. ఇంకొకణ్ణి పోసి పంపుతున్నాను. ఇకమీదట ఎవరినీ సరిచేయకండి.

వీళ్లు శాంతమూ కాదు, ఉగ్రమూ కాదు. డ్యూటీలో ఉన్నారు. మా పంజగుట్ట చౌరస్తాలో మిట్టమధ్యాహ్నం నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ ముఖం ఎట్లా ఉంటుందో అట్లా ఉండాలి. దిక్కు ఏదైనా పర్వాలేదు. కర్ర పట్టుకున్నది బ్యాండు మాస్టరే, ఆయనతోనే మొదలుపెట్టండి. బొట్టు మాత్రం పెట్టకండి. ఫణీంద్ర గారు శుక్రవారం వస్తారు. అంతకు ముందే నాకు చేరాలి.

మీ
వజీర్

తా.క. మీరు వాళ్ల ముందు అగరుబత్తి వెలిగించారని సురేందర్ చెప్పాడు. నిజమేనా? పొగ పట్టిన తగరానికి రంగు సరిగా అంటదు.

---

అమీర్‌పేట

వజీర్‌కు ఆశీస్సులు.

బ్యాండును పంపుతున్నాను. బొట్టు పెట్టలేదు. నీ కానిస్టేబుల్ ముఖం చూడటానికి చౌరస్తా దాకా వెళ్లాను. సిగ్నల్ పక్కన నిలబడి ఆయన్నే చూస్తుంటే, "ఏం పెద్దాయనా, గట్ల చూస్తున్నవ్? తొవ్వ తప్పినవా?" అన్నాడు. లేదన్నాను. "మరి జర పక్కకు జరుగు, బస్సొస్తుంది" అన్నాడు. ఆ ముఖమే అందరికీ వేశాను. కోటుకు రెండు పూతలు పడ్డాయి. బొత్తాలకు బంగారు రంగు, చీపురు పుల్ల కొనతో పెట్టాను.

కళ్లు పెట్టలేదు. కళ్లు చివరి పని. బొమ్మ ఎవరింటికి పోతుందో ఆ ఇంట్లో, ఇంటివాళ్ల ముందు తెరిపించాలి. తెరవగానే అద్దం చూపించాలి. ముందు తనను తాను చూసుకున్నాకే లోకాన్ని చూడాలి. ఫణీంద్ర గారి వాకిలి ఏ దిక్కో, ఆయన నక్షత్రం ఏమిటో కనుక్కుని రాయి. నేను వచ్చి పెడతాను.

ఇట్లు
రాజనర్సయ్య

తా.క. అగరుబత్తి వాళ్లకు కాదు. దోమలకు.

---

పంజగుట్ట

కాకా, నమస్కారం.

పెట్టె విప్పాను. కోట్లు, బొత్తాలు వెలుతురులో పెట్టి మళ్లీ మళ్లీ చూశాను. నా చేత్తో పోత పోసినవి ఇవేనా అనిపించింది. తర్వాత ముఖాలు చూశాను. పెట్టె మూసేశాను.

వీళ్లు దేవతలు కారు, బ్యాండు వాళ్లు. కళ్లు లేకుండా ఫణీంద్ర గారికి ఎట్లా ఇవ్వను? ముషర్రఫ్ అన్న దుకాణమంతా వినబడేటట్టు "గుడ్డోళ్ల బారాత్ వచ్చింది, దారి ఇయ్యుండ్రి" అని అరిచాడు. మా అమ్మీ ఒక్కతే మెచ్చుకుంది. "ఇన్నేండ్లకు ఒక మంచి పని చేసినవ్ బేటా. నమాజు చేసే ఇంట్ల కండ్లున్న బొమ్మలు ఎందుకని నేను మొత్తుకుంటనే ఉన్న. గివైతె నాకేం ఫికర్ లేదు" అంది. మా అమ్మీకి నచ్చిన బొమ్మ ఇంతవరకు ఒక్కటీ అమ్ముడుపోలేదు.

పెట్టె తిరిగి పంపుతున్నాను. ఒక్కొక్కరికి రెండు చుక్కలు పెట్టండి, అంతే. బొమ్మలు కొనేవాణ్ణి పట్టుకుని నక్షత్రం అడిగితే నన్నేమనుకుంటారు? షెడ్డు మీ చేతిలో ఉంది.

మీ
వజీర్

తా.క. సురేందర్ ఒక ఉపాయం చెప్పాడు. "అందరికి నల్లద్దాలు పెట్టు అన్నా, మస్తుంటరు" అన్నాడు. వేరే దారి లేకపోతే ఆలోచించండి.

---

అమీర్‌పేట

వజీర్‌కు.

పెట్టె వచ్చిన ఆటోలోనే పంపుతున్నాను. తాడు కూడా విప్పలేదు.

నల్లద్దాలట. అమ్మవారికి ఎండ తగులుతుందని గొడుగు పట్టినవాళ్లను చూశాను గానీ అద్దాలు పెట్టినవాణ్ణి చూడలేదు. నీ షెడ్డులో కళ్లు తెరిపిస్తే మొదట ఎవరిని చూస్తారు? మీ అన్నను. లేకపోతే సురేందర్‌ను. ఆ తర్వాత ఎవరింట్లో పెట్టినా మనసు ఆటో మీదే ఉంటుంది.

నేను మొండికేస్తున్నానని అనుకోకు. దేవతకొక రకంగా, సిపాయికొక రకంగా పని చేయడం నాకు రాదు. ఉన్నది ఒక్క చెయ్యే. ఫణీంద్ర గారికి ఉన్నమాట చెప్పు. వినేవాడైతే వింటాడు.

ఇట్లు
రాజనర్సయ్య

తా.క. మన ఉత్తరాలన్నీ సురేందర్ దారిలో చదువుతున్నాడని నాకు అనుమానం. కాస్త కనిపెట్టు.

లే కాకా, నేను సదువుతలేను. — సురేందర్

---

పంజగుట్ట

కాకా,

అంతా చెడింది.

ఇవాళ శుక్రవారం కదా, పొద్దున ఫణీంద్ర గారు రాకముందే, నేనే కళ్లు పెడదామని కూర్చున్నాను. బ్యాండు మాస్టరుతో మొదలుపెట్టాను. ఒక కన్ను పంజగుట్టను చూసింది, రెండోది అమీర్‌పేటను. గుడ్డతో తుడిచాను. కళ్లతో పాటు ముఖం కూడా వచ్చేసింది.

ఇక దాచలేక ఫణీంద్ర గారికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను. రంగు అయింది గానీ ఎవరికీ కళ్లు లేవని, రంగు వేసిన పెద్దాయన మీ ఇంట్లోనే పెడతానంటున్నాడని, మీ నక్షత్రం కూడా అడుగుతున్నాడని. "ఎవరికీ లేవా?" అని రెండుసార్లు అడిగారు. ఎవరికీ లేవన్నాను. చివరికి "ఆయన ఎక్కడుంటారండీ?" అన్నారు. మీ సందు చెప్పాను. "బొమ్మలు మా ఇంటికి పంపెయ్యండి" అని పెట్టేశారు. ఆ గొంతు నాకు బాగా అనిపించలేదు. మీతో గొడవ పెట్టుకోవడానికే వస్తున్నారు. తలుపు తీయకండి. ఆ పని మీకు అలవాటే.

బొమ్మలు పంపాను. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం లేదు. మా అన్న ఇప్పుడేమీ ఎగతాళి చేయడం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. టిఫిన్ సెంటర్ ఆయన టేపు పట్టుకొచ్చి, నా కొలిమి ఉన్నచోట పొయ్యి పడుతుందో లేదో కొలుచుకున్నాడు.

మీ మీద నాకు కోపం లేదు. డప్పు వాణ్ణి ఒక్కసారి మీ ఎదురుగా కూర్చుని చూడాలని ఉండేది.

వజీర్

తా.క. టిఫిన్ సెంటర్‌కు బోర్డు రాసేవాళ్లెవరైనా ఉన్నారా అని ఆయన అడిగాడు. మీరు రాస్తారా? ఇడ్లీకి కళ్లుండవు.

---

అమీర్‌పేట

వజీర్‌కు రాజనర్సయ్య ఆశీస్సులు.

ఫణీంద్ర గారు వచ్చారు. తలుపు తీశాను. నాకు పని ఇచ్చింది నువ్వు గానీ ఆయన కాదు. చెప్పులు బయట విడిచి, గడప దగ్గరే నిలబడి, "ఏమండీ, మీరు నిజంగానే ఇంటికొచ్చి కళ్లు పెడతారా?" అన్నారు. అది కయ్యానికి వచ్చిన మనిషి గొంతు కాదు.

"అది మా పద్ధతి" అన్నాను.

"మాది ఉత్తరం వాకిలండీ. నాది రోహిణి. ఇప్పుడే బయల్దేరదామా?" అన్నారు.

ఫ్లాటులో నన్ను నేరుగా పడగ్గదికి తీసుకెళ్లారు. అక్కడ గాజు తలుపుల బీరువా, దానికొక తెర. తెర తీశారు. కింది నుంచి పైదాకా సిపాయిలే. గుర్రాల మీదవాళ్లు, ఫిరంగుల పక్కవాళ్లు, జెండా పట్టినవాళ్లు. అందరికీ ఆయన చేత్తో వేసిన రంగులే. ఒక్కడికీ కళ్లు లేవు.

"కోటు దాకా బాగానే వస్తుందండీ" అన్నారు. "కళ్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. చుక్క తప్పితే ముఖమే పోతుంది కదా. మళ్లీ చేద్దాంలే అని లోపల పెట్టేస్తాను. ఇన్నేళ్లలో ఒక్కరికీ చూపించలేదు. పొద్దున మీ వజీర్ గారు ఎవరికీ కళ్లు లేవనేసరికి సరిగానే విన్నానా అని రెండుసార్లు అడిగాను. ఇంటికొచ్చి కళ్లు పెట్టే మనిషి ఒకరున్నారంటే ఎట్లా నమ్మనండీ?"

చెయ్యి నాకు కూడా వణుకుతుందని చెప్పాను. ఊపిరి వదిలాక, మళ్లీ పీల్చేలోపు చుక్క పెట్టాలి. అందులో ఇంకే మర్మమూ లేదు.

నువ్వు తుడిచిన బ్యాండు మాస్టరుకు ముందు ముఖం వేసి, ఆరాక కళ్లు పెట్టాను. ఆయన భార్య మంజూష గారు అద్దం పట్టారు. తర్వాత డప్పు వాడు. మూడోవాడి దగ్గర కుంచె ఫణీంద్ర గారి చేతికిచ్చాను. వద్దు వద్దన్నారు. ఊపిరి వదలమన్నాను. పెట్టారు. వాడు సీలింగు ఫ్యానును చూస్తున్నట్టు వచ్చాడు. బాగుందన్నాను. ఎవరో ఒకరు ఫ్యాను చూసుకోవాలి కదా.

ఆయన అక్కడి నుంచే, బొమ్మలు కూడబెట్టే తన స్నేహితులకు ఫోన్ చేసి జరిగింది చెప్పారు. ప్రతి ఒక్కరూ ముందు గొంతు తగ్గించుకుని, "మా ఇంట్లోనూ అదే పరిస్థితి" అన్నారు. వాళ్లందరికీ నువ్వు పోసిన బొమ్మలు కావాలి. కళ్లు వాళ్ల వాళ్ల ఇళ్లలో తెరిపించాలి. ఈయనకు గుర్రాల సెట్టు వెంటనే కావాలి. ఈ హడావిడిలో నీ ఫోన్ సంగతి మరిచిపోయారట. క్షమించమన్నారు. కొలిమి కదిలించకు. టేపు పట్టుకొచ్చినాయనకు వేరే చోటు చూసుకోమని చెప్పు. ఈ ఉత్తరం మీ అన్నకు గట్టిగా చదివి వినిపించు. సురేందర్‌కు వినిపించాల్సిన పని లేదు, ఈపాటికి వాడికి తెలుసు.

ఇట్లు
రాజనర్సయ్య

తా.క. నువ్వూ, మీ అన్నా, సురేందర్ కలిసి వెంటనే ఫణీంద్ర గారి ఇంటికి రండి. ఒక బరువు మోయాలి. "చూపు లేదు కదా అని ఇన్నేళ్లు పడగ్గదిలో ఉండనిచ్చానండీ. ఇప్పుడు ఒక్కొక్కడూ కళ్లు తెరుస్తుంటే ఎలా? చీకటి పడేలోపు ఆ బీరువా హాల్లో ఉండాలి" అని మంజూష గారు పట్టుబట్టారు.